సంతకానికి ముందు తెలియవలసిన మాటలు

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు పోయిన నెలలో మా ఇంటికి వచ్చి, "మాస్టరుగారూ, ఈ ఏడు మీరు ఉద్యోగానికీ, వ్యాపారానికీ కావలసిన ఇంగ్లీషు మాటల గురించి చెప్పవలెను" అన్నారు. మాకు నవ్వు వచ్చింది. ఉర్దూ మీడియంలో చదువుకొని, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకుంటున్న వాళ్లము. "ఇంగ్లీషు గురించి చెప్పడానికి కాన్వెంటు అయ్యవార్లు ఊళ్లో లేరా?" అని అడిగాము. "లేకేమి, ఉన్నారు. కానీ మన ఇళ్లలోని కాగితాలు చదివించుకోవడానికి వచ్చేది మీ దగ్గరికే కదా" అన్నారాయన.

ఆ మాట నిజమే. బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చినా, కంపెనీ నుంచి ఆర్డరు వచ్చినా, కువైట్ నుంచి వీసా కాపీ వచ్చినా మన కడపలో చాలామంది దగ్గరలో ఉన్న అయ్యవారి తలుపే తడుతారు. అట్లా మా తలుపు తట్టిన ఒక కాగితం విషయంలో మేము ఒక పెద్ద తప్పు చేసి ఉన్నాము. ఆ తప్పును ఈ సభలో ఒప్పుకొని, తరువాత అసలు విషయానికి వస్తాము.

అది 2017వ సంవత్సరం. మా దగ్గర పదో తరగతి వరకు చదివి, తరువాత డిప్లొమా పూర్తి చేసిన పిల్లవాడు ఒకడు మగ్రిబ్ నమాజు అయిన తరువాత మా ఇంటికి వచ్చినాడు. వేరే రాష్ట్రంలో ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. చేతిలో ఎనిమిది పేజీల కాగితాలు ఉన్నాయి. తెల్లవారి రైలుకు పోవలెను. "సార్, ఇందులో సర్వీస్ బాండ్ అని రాసినారు, ఏమిటి సార్ ఇది?" అని అడిగినాడు.

మనకు బాండు అంటే ఏమిటి? స్టాంపు వెండరు దగ్గర కొనే కాగితం. ఇల్లు బాడుగకు ఇచ్చినా, అప్పు ఇచ్చినా "బాండు పేపరు తెచ్చినావా?" అని అడుగుతాము. మేము కూడా అదే అనుకున్నాము. "ఏమీ లేదు బేటా, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టేసి రా" అని చెప్పినాము. ఇంట్లో చుట్టాలు ఉన్నారు, చాయ్ చల్లారిపోతున్నది. ఆ పేరా మొత్తం చదవలేదు. చదివినా కొన్ని మాటలు మాకు అర్థమై ఉండేవి కావు. అయినప్పటికీ "మాకు తెలియదు" అనే మాట మా నోట రాలేదు. ఊరంతా మాస్టర్ సాబ్ అని పిలిచే మనిషికి ఆ మాట రావడం కష్టము.

ఆ పేరాలో ఉన్నది ఏమంటే, రెండేళ్లు పూర్తి కాకముందే ఉద్యోగం మానితే 75 వేల రూపాయలు కంపెనీకి కట్టవలెను. అంతవరకు ఒరిజినల్ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే ఉంటాయి. తొమ్మిది నెలలు తిరిగేసరికి వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చింది. ఇంట్లో మగదిక్కు ఇతనొక్కడే. వచ్చేసినాడు. సర్టిఫికెట్లు రాలేదు. అవి లేకపోతే ఇంకొక ఉద్యోగం రాదు. చివరకు వాళ్ల అమ్మ చేతి గాజులు అమ్మి డబ్బు కట్టి, కాగితాలు తెచ్చుకున్నారు. ఆ తల్లి మా ఇంటికి వచ్చి కోపంగా ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినారనే సంతకం పెట్టినాడు మాస్టర్ సాబ్" అని మాత్రం అన్నది. తిట్టి ఉంటే మాకు ఇంతకంటె తేలికగా ఉండేది.

కాబట్టి సోదరులారా, ఈ రోజు మేము చెప్పబోయేది దొరల మాదిరి గడగడ ఇంగ్లీషు మాట్లాడడం గురించి కాదు. అది వస్తే మంచిదే. కానీ మన ఇళ్లకు నష్టం వచ్చేది మాట్లాడలేకపోవడం వల్ల కంటె, అర్థం కాని మాట కింద సంతకం పెట్టడం వల్లనే ఎక్కువ. అటువంటి మాటలు వేలకు వేలు లేవు. ఒక ముప్పై నలభై ఉంటాయి. వాటిని నేర్చుకోవడానికి కాన్వెంటులో చదివి ఉండవలసిన పని లేదు.

పిల్లల్లో ఉన్న మొదటి భయం ఏమంటే, "మేము ఉర్దూ మీడియం వాళ్లము, మాకు ఇంగ్లీషు రాదు" అనేది. ఈ భయానికి ఆధారం లేదు. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆనాడు పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. అయినా ఇంగ్లీషు ప్రతి విద్యార్థికి తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. ఒకటి ఉంటే రెండవది ఉండరాదని ఆ పెద్దలు అనుకోలేదు.

ఇంకొక సంగతి చూడండి. తెలుగులో కచేరీ మాటలు, వ్యాపారపు మాటలు ఎక్కడి నుంచి వచ్చినాయి? దరఖాస్తు, హాజరు, జామీను, షరతు, దస్తావేజు, రసీదు, వసూలు, బాకీ, కిస్తు - ఇవన్నీ ఫారసీ, అరబ్బీల నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి, ఈ రోజు పల్లెటూరి రైతు నోట్లో కూడా సొంత మాటలై పోయినాయి. అంటే ఉద్యోగపు భాష, వ్యాపారపు భాష మన పిల్లలకు కొత్తది కాదు. అప్లికేషన్ అంటే దరఖాస్తు, అటెండెన్స్ అంటే హాజరు, కండిషన్ అంటే షరతు, ఇన్‌స్టాల్‌మెంట్ అంటే కిస్తు. సరుకు మనదే, సంచి మాత్రం వేరు.

అయితే ఒక జాగ్రత్త ఉన్నది. మాట ఒక ఇంటి నుంచి ఇంకొక ఇంటికి పోయినప్పుడు అర్థం మారవచ్చును. ఉర్దూలో తన్‌ఖాహ్ అంటే జీతం. తెలుగులో తనఖా అంటే తాకట్టు. ఉర్దూలో రాజీనామా అంటే ఒప్పందపు కాగితం. తెలుగులో రాజీనామా అంటే ఉద్యోగానికి స్వస్తి. మా తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక పిల్లవాడు లేచి, "సార్, మా నాన్న తన్‌ఖాహ్ ఇంటికి రాకముందే తనఖా అయిపోతుంది" అన్నాడు. అందరూ నవ్వినారు. మేము నవ్వినాము గానీ, వాడు చెప్పింది చాలా ఇళ్ల సంగతే.

ఇంగ్లీషు మాటలకు కూడా ఇదే వర్తిస్తుంది. బజారులో తిరిగే అర్థం ఒకటి, కాగితంలో కూర్చున్న అర్థం ఇంకొకటి. బాండు మాదిరే నోటీసు. మన దృష్టిలో నోటీసు వచ్చిందంటే ఏదో గొడవ జరిగినట్లు. మా పాత విద్యార్థి ఒకడు ఉద్యోగం మారదామని హైదరాబాదులో ఇంటర్వ్యూకు పోతే, "నీ నోటీస్ పీరియడ్ ఎంత?" అని అడిగినారట. "ఇంతవరకు నాకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు సార్, కావాలంటే మా ఆఫీసులో అడగండి" అన్నాడట. బల్ల అవతల ఉన్న ముగ్గురూ నవ్వినారు. పిల్లవాడు ఆ అవమానంతో ఆరు నెలలు మరే ఇంటర్వ్యూకూ పోలేదు. నోటీస్ పీరియడ్ అంటే ఉద్యోగం మానదలచినవాడు ఎన్ని రోజుల ముందు చెప్పవలెనో ఆ గడువు. ఒక్క మాట, ఆరు నెలలు.

ప్రిన్సిపాల్ అంటే కాలేజీ పెద్ద. అప్పు కాగితంలో ప్రిన్సిపల్ అంటే అసలు. ఇంటరెస్ట్ అంటే ఇష్టం. అప్పు కాగితంలో వడ్డీ. బ్యాలెన్స్ అంటే నిలవ కూడా అవుతుంది, బాకీ కూడా అవుతుంది. కాబట్టి మాట వినగానే తెలిసినట్లు తల ఊపరాదు. అది ఏ కాగితంలో ఉన్నదో, దాని వల్ల మన మీద ఏ భారం పడుతుందో చూడవలెను.

ఇక ఉద్యోగపు మాటల్లోకి వద్దాము.

ఆఫర్ లెటర్ వేరు, అపాయింట్‌మెంట్ లెటర్ వేరు. మొదటిది "నిన్ను తీసుకోదలచినాము" అనే మాట. రెండవది ఉద్యోగం ఇచ్చినట్లు రాత, షరతులన్నీ అందులో ఉంటాయి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ల ప్రకారం యజమాని ప్రతి కార్మికునికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వవలసి ఉన్నది. అంగడిలో పని చేసినా, ఫ్యాక్టరీలో పని చేసినా అడిగి తీసుకోవడం తప్పు కాదు, అది హక్కు.

ప్రొబేషన్ అంటే పరీక్షా కాలము. కొత్త కోడలిని అత్తగారు గమనించినట్లు యజమాని గమనించే రోజులు. ఈ గడువు ఎన్ని నెలలు, దాని తరువాత కన్ఫర్మ్ చేస్తూ కాగితం ఇస్తారా లేదా అన్నది ముందే చూసుకోవలెను. అప్రెంటిస్ అంటే పని నేర్చుకునేవాడు; అతనికి ఇచ్చేది జీతం కాదు, స్టైపెండు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరినవాడిని తరువాత తప్పక ఉద్యోగంలోకి తీసుకొంటారని హామీ ఉండదు, ఒప్పందంలో అట్లా రాసి ఉంటే తప్ప. ఐ.టి.ఐ. పిల్లలు ఈ తేడా తెలుసుకొని చేరితే తరువాత బాధ ఉండదు.

ఫిక్స్‌డ్ టర్మ్ అంటే గడువు కట్టిన ఉద్యోగం. గడువు తీరితే ఉద్యోగం కూడా తీరుతుంది. గ్రాట్యుటీ అంటే చాలాకాలం చేసిన సేవకు ఉద్యోగం విడిచేటప్పుడు ఇచ్చే సొమ్ము. మామూలుగా అయిదేళ్లు చేసినవారికి ఇది వస్తుంది. కొత్త కోడ్ల తరువాత ఫిక్స్‌డ్ టర్మ్ వారికి ఒక సంవత్సరం చేసినా లెక్క ప్రకారం వస్తుంది. మాట తెలియనివాడు అడగడు. అడగనివాడికి చాలాసార్లు రాదు.

అన్నిటికంటె ఎక్కువ మోసపోయేది సి.టి.సి. అనే మూడక్షరాల దగ్గర. దీని పూర్తి రూపం కాస్ట్ టు కంపెనీ. అంటే మీ వల్ల కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు. మీ చేతికి వచ్చేది కాదు. ఒక లెక్క చెప్తాము, కాగితం కలం ఉన్నవారు రాసుకోండి. బేసిక్ 12,000, మిగతా అలవెన్సులు 6,000, మొత్తం 18,000. దీనిని గ్రాస్ అంటారు. బేసిక్ మీద పన్నెండు శాతం చొప్పున కంపెనీ కట్టే పి.ఎఫ్. 1,440. గ్రాస్ మీద కంపెనీ కట్టే ఇ.ఎస్.ఐ. మూడుంపావు శాతం, 585. ఈ రెండూ కలిపితే సి.టి.సి. 20,025. ఇప్పుడు మీ వైపు కోతలు చూడండి. మీ వాటా పి.ఎఫ్. 1,440, మీ వాటా ఇ.ఎస్.ఐ. ముప్పావు శాతం, 135. ఆంధ్రప్రదేశ్‌లో ఈ జీతానికి వృత్తి పన్ను 150. ఇవి పోగా చేతికి వచ్చేది 16,275. దీనిని నెట్ అని, టేక్ హోమ్ అని అంటారు.

ఇరవై వేల ఉద్యోగం అని ఊరంతా మిఠాయి పంచి, అయిదు వేల బాడుగ ఇల్లు తీసుకొని, మూడు వేల కిస్తుతో బండి కొని, నెల చివర పదహారు వేలు చూసి "కంపెనీ మోసం చేసింది" అన్నవారిని మేము చూసినాము. ఈ లెక్కలో కంపెనీ మోసం ఏమీ లేదు. పి.ఎఫ్. ఎక్కడికీ పోలేదు, మీ పేరనే జమ అవుతున్నది. ఇ.ఎస్.ఐ. ఉంటే మీకూ, మీ మీద ఆధారపడినవారికీ వైద్యం ఉన్నది. 21 వేల లోపు జీతం ఉన్న వారికి ఇది వర్తిస్తుంది. అయితే ఇంకొక రకం మోసం ఉన్నది. జీతంలో కోస్తారు గానీ కట్టరు. అందుకే పి.ఎఫ్.కు సంబంధించిన యు.ఏ.ఎన్. అనే నెంబరు తీసుకొని సొమ్ము పడుతున్నదో లేదో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండవలెను.

విడిచిపెట్టే మాటలు కూడా మూడు తెలియవలెను. రిజైన్ అంటే మనమే మానడం. టర్మినేట్ అంటే వాళ్లు తీసివేయడం. అబ్‌స్కాండ్ అంటే చెప్పకుండా పోవడం. పండుగకు ఇంటికి వచ్చి, మళ్లీ పోబుద్ధి కాక ఫోను ఆపేసి కూర్చునే పిల్లలు ఉన్నారు. వాళ్ల పేరు పక్కన ఈ మూడవ మాట పడుతుంది. తరువాత ఏ కంపెనీకి పోయినా రిలీవింగ్ లెటర్ అడుగుతారు, అది ఉండదు. నాలుగు వాక్యాల రాజీనామా ఉత్తరం రాస్తే తప్పిపోయే చిక్కు ఇది.

సర్వీస్ బాండ్ సంగతి ముందే చెప్పినాము. "అదంతా కోర్టులో చెల్లదులే" అని కొందరు ధైర్యం చెప్తుంటారు. నమ్మరాదు. 2025లో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లు పని చేయకపోతే రెండు లక్షలు కట్టవలెననే షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అట్లాగని కంపెనీ అడిగిన ప్రతి పైసా కట్టి తీరవలెనని కూడా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తానికి మించకుండా, న్యాయమైన పరిహారం మాత్రమే వస్తుంది. మా విద్యార్థి విషయంలో ఈ సెక్షను కూడా అప్పుడు మాకు తెలియదు. తెలిసి ఉంటే వకీలు దగ్గరికి తీసుకొని పోయి ఉండేవాళ్లము. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చూపించి తిరిగి తెచ్చుకోవలెను. తప్పనిసరిగా ఇవ్వవలసి వస్తే రసీదు లేనిదే ఇవ్వరాదు.

ఇప్పుడు మన జిల్లాలో దాదాపు ప్రతి వీధికీ సంబంధించిన విషయం, గల్ఫ్ కాగితాలు.

కఫీల్ అనే మాట మనకు తెలియంది కాదు. కఫాలత్ అంటే జామీను, బాధ్యత వహించడం. దానినే వాళ్లు ఇంగ్లీషులో స్పాన్సరు అంటారు. కువైట్‌లో ఆర్టికల్ 18 అంటే ప్రైవేటు కంపెనీ ఉద్యోగపు అకామా. ఆర్టికల్ 20 అంటే ఇంటి పని అకామా. డ్రైవరు ఉద్యోగం అని ఇద్దరు పోతారు. ఒకరిది 18, మరొకరిది 20. ఇద్దరూ నడిపేది కారే అయినా, ఇద్దరికీ వర్తించే చట్టాలు వేరు. ఇంటి పనివారికి అక్కడ 2015 నాటి 68వ నెంబరు చట్టం ఉన్నది. అందులో వారానికి ఒక రోజు సెలవు ఉన్నది, సంవత్సరానికి జీతంతో కూడిన సెలవు ఉన్నది. ఇక్కడ నుంచి పోయే అక్కచెల్లెళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

"ఆజాద్ వీసా, ఎక్కడైనా పని చేసుకోవచ్చు" అని ఏజెంటు చెప్తాడు. ఆజాద్ అనే మాట ఎంత తియ్యనిది! కానీ చట్టంలో ఆ పేరుతో వీసా లేదు. ఒక కఫీల్ పేర పోయి ఇంకొకరి దగ్గర పని చేస్తూ పట్టుబడితే శిక్ష పడేది పనివాడికి. విజిట్ వీసా అంటే చూడడానికి పోయేది, పని చేయడానికి కాదు.

రిక్రూటింగ్ ఏజెంటు అనే మాటకు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టంలో అర్థం ఉన్నది. ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేసుకొని, నెంబరు పొందినవాడే ఏజెంటు. ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ నెంబరు చూసుకోవచ్చును. అతడు తీసుకోదగిన సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి., అంతకంటె ఎక్కువ కాదు, రసీదు ఇవ్వవలెను. లక్షా యాభై వేలు తీసుకొని చీటీ ముక్క కూడా ఇవ్వనివాడు మామూజాన్ వరస అయినా సరే, అడగవలసిందే.

పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అనే మూడక్షరాలు ఉంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని అర్థం. అంటే పద్దెనిమిది దేశాలకు పనికి పోయేముందు ప్రభుత్వ అనుమతి ఉండవలెను. ఇది మనలను ఆపడానికి పెట్టింది కాదు, కాపాడడానికి పెట్టింది. ఇటువంటివారికి తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమాలో రెండేళ్లకు 275 రూపాయలు, దాని మీద పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు. పదో తరగతి పాసైన వారికి ఈ ఇ.సి.ఆర్. ముద్ర ఉండదు. అందుకే మేము పదో తరగతి వదలవద్దని తల్లిదండ్రులను బతిమాలేది. ముద్ర లేనివారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవలెను. వారి కాగితాలను అక్కడ ఎవరూ తనిఖీ చేయరు. వారి కాగితం వారే చదువుకోవలెను.

చివరగా, సొంత వ్యాపారం పెట్టుకునేవారికి నాలుగు మాటలు.

టర్నోవర్ అంటే లాభం కాదు. గల్లా పెట్టెలో పడినదంతా టర్నోవరు. అందులో సరుకు ఖర్చు, బాడుగ, కరెంటు, కూలి, కిస్తు పోగా మిగిలేది నెట్ ప్రాఫిట్. రోజుకు పదివేల బిర్యానీ అమ్మినాను అని సంతోషపడి, సాయంత్రం గల్లాలో నుంచి మూడు వేలు ఇంటికి తీసుకుపోతే, ఆ మూడు వేలు మాంసం కొట్టువాడికి ఇవ్వవలసినవి కావచ్చును.

కొటేషన్ అంటే పని చేయకముందు చెప్పే ధర. ఇన్‌వాయిస్ అంటే పని చేసిన తరువాత ఇచ్చే బిల్లు. మన వెల్డింగు, కార్పెంటరు, టైలరు పని చేసేవారు కొటేషను నోటితో చెప్పి, తరువాత "అప్పుడు ఇంత అన్నావు" అనే గొడవలో పడుతుంటారు. రెండు వాక్యాలు రాసి ఇవ్వండి. ఉద్యమ్ రిజిస్ట్రేషను అని 2020 జూలై 1 నుంచి ఉన్నది. దీనికి ప్రభుత్వానికి ఒక్క పైసా కట్టనక్కరలేదు. ఇంటి దగ్గర బట్టలు కుట్టే సోదరీమణులు కూడా చేసుకోవచ్చును. 2006 నాటి చట్టం ప్రకారం ఇట్లా రిజిస్టరు అయిన చిన్న తయారీదారులకు, సేవలు అందించేవారికి కొనుగోలుదారు 45 రోజులకు మించి సొమ్ము ఆపరాదు.

పార్ట్‌నర్ అంటే లాభంలో భాగస్తుడు మాత్రమే కాదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం దుకాణం చేసిన అప్పుకు ప్రతి భాగస్తుడూ పూర్తిగా జవాబుదారు. బావ, బామ్మర్ది అని నోటి మాట మీద అంగడి తెరిచి, తరువాత పెళ్లిళ్లకు కూడా పిలుచుకోని ఇళ్లు మనలో ఉన్నాయి.

గ్యారంటర్ అంటే సాక్షి కాదు. ఇది ముఖ్యంగా వినండి. సాక్షి చూసినవాడు మాత్రమే. గ్యారంటర్ అంటే జామీనుదారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసి ఉంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యత ఉన్నదో జామీనుదారుకు కూడా అంతే ఉన్నది. "ఊరికే సంతకం పెట్టు అన్నా, ఫార్మాలిటీ" అంటే పెట్టరాదు. ఫార్మాలిటీ అనే మాట వినపడిన చోట కళ్లజోడు తీసి పెట్టుకొని చదవవలెను.

ఇదంతా ఈ కాలపు కొత్త జాగ్రత్త అనుకోవద్దు. మనలో ప్రతి ఒక్కరి ఇంట్లో ఉన్న ఖుర్ఆన్ షరీఫ్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్ ఏది? సూరె బఖరహ్‌లోని 282వ ఆయత్. అది అప్పును రాసుకోవడం గురించి, న్యాయంగా రాసేవాడి గురించి, సాక్షుల గురించి. నమ్మకం ఉన్నచోట రాత ఎందుకు అని అడిగే పెద్దలకు ఇంతకంటె మేము చెప్పగలిగింది లేదు.

మరి ఏమి చేయవలెను? మాకు తోచింది మనవి చేస్తున్నాము. మన సంఘం గ్రంథాలయంలో ప్రతి ఆదివారం అసర్ నమాజు తరువాత ఒక బల్ల వేద్దాము. మేము, మరో ఇద్దరు ఉపాధ్యాయులము కూర్చుంటాము. సంఘంలోని వకీలు సోదరులు నెలకు ఒకసారి వస్తామని మాట ఇచ్చినారు. ఆఫర్ లెటరు, అప్పు కాగితం, వీసా కాపీ, బాడుగ ఒప్పందం - ఏదైనా సంతకం పెట్టకముందు అక్కడికి తీసుకొని రండి. పెట్టిన తరువాత తెచ్చేవారే ఎక్కువ. అప్పుడు మేము చేయగలిగేది తక్కువ. ఆ బల్ల దగ్గర ఒకే ఒక నియమం ఉంటుంది. అర్థం కాని మాట వస్తే కూర్చున్నవాడు "తెలియదు, కనుక్కొని చెప్తాము" అనవలెను. ఊహించి చెప్పరాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడు "ఈ మాటకు అర్థం ఏమిటి?" అని అడిగితే "ఇంత చదువు చదివి ఇది తెలియదా?" అని అనవద్దు. ఆ ఒక్క ఎగతాళికి భయపడే పిల్లలు తెలిసినట్లు తల ఊపుతారు, సంతకం పెడతారు. విద్యార్థులకు ఒక మాట. ఇంటర్వ్యూలో ప్రశ్న అర్థం కాకపోతే "సార్, ఇంకొకసారి చెప్తారా?" అని అడగడం సిగ్గుచేటు కాదు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాము. అతడు ఇప్పుడు మన ఊళ్లోనే ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా ఉన్నాడు. రెండేళ్ల కిందట ఆ ఎనిమిది పేజీల జిరాక్సు తెచ్చి మాకు ఇచ్చి, "సార్, ఇది మీ దగ్గర ఉండనివ్వండి, పిల్లలకు పనికి వస్తుంది" అన్నాడు. అప్పుడు మేము అతనికి "ఆ రోజు మాకు తెలియదు బేటా" అని చెప్పినాము. ఏడేళ్లు ఆలస్యంగా చెప్పినాము. ఆ కాగితం మా బల్ల సొరుగులో ఉన్నది. ప్రతి సంవత్సరం పదో తరగతి పిల్లలకు అందులోని పేర్లు కొట్టేసి చదివిస్తున్నాము. ఆదివారం బల్ల మీద కూడా అదే ముందు పెడతాము.

 భోజనాలు సిద్ధమైనట్లు వాసన వస్తున్నది, పిల్లలను ఇంకా ఆపడం న్యాయం కాదు. ఖుదా హాఫిజ్.